సారు వెనక్కి అడిగిన అంకె

పోయిన వారం మంగళవారం తెల్లవారుజామున మా కెమిస్ట్రీ సారు దవాఖానలో చనిపోయారు. పరకాల రోడ్డులోని రాయినూనె ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి రోజుకు ఎంత గంధకపు వాయువు గాలిలో కలుస్తుందో లెక్కగట్టి ఆయన సంతకం పెట్టిన అంకె ఆ సమయానికి ఇంకా చెల్లుతూనే ఉంది. అది తప్పని, కొట్టివేయమని ఆయన నాలుగేళ్లుగా అడుగుతున్నారు. రేపు గురువారం దాని మీద విచారణ. అంకె నిలబడితే ఫ్యాక్టరీకి రెండో బట్టీ వస్తుంది.

ఆ అంకె ఎంతో ఇక్కడ రాయను. అది మళ్లీ అచ్చులో కనపడకూడదని ఆయన నాతో ఒకటికి రెండుసార్లు అన్నారు. ఆయన కోరినవాటిలో నా చేతిలో ఉన్నది ఇదొక్కటే.

హనుమకొండలో మా ఇల్లూ ఆయన ఇల్లూ ఒకే గల్లీలో ఉండేవి. డెబ్బైల మొదట్లో ఇంటర్‌లో నాకు పాఠం చెప్పారు. తియ్యగా మాట్లాడే మనిషి కాదు. ప్రాక్టికల్స్‌లో తప్పు అంకె వేసినవాళ్లను నిలబెట్టి, ఆ అంకెను క్లాసంతా వినేలా వాళ్ల చేతే చదివించేవారు. ఒకసారి ఒకమ్మాయి ఏడ్చింది. "ఏడ్పు తర్వాత. ముందు బ్యూరెట్ కడుగు," అన్నారు. నా వంతు వచ్చినప్పుడు నా కాగితం చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"నువ్వు పేపర్ల చేరు బిడ్డా. ఆడ తప్పు రాసినా తెల్లారేసరికి పాతదైతది. ఈడ తప్పు రాస్తే మనుషులు తాగుతరు, పీలుస్తరు."

అందరూ నవ్వారు. నేను పత్రికలోనే చేరాను. మొదటి వార్త అచ్చయిన రోజు కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళితే నిలబడే చదివారు. "దీంట్ల 'విపరీతమైన' అని రెండుసార్లున్నది. కొలిచినవా?" అన్నారు. బాగుందని అనలేదు. ఆ ఒక్క ప్రశ్న మీద ఇన్నేళ్ల నా ఉద్యోగం నడిచింది. అందుకు ఆయనకు కృతజ్ఞుణ్ని.

కిరాణా కొట్టుకు పోతే తూకం వేసే ముందు పళ్లాలు రెండూ ఖాళీ చేయించి ముల్లు చూసేవారు. "ముందు ఉత్త తక్కెడ చూపెట్టు," అనేవారు. వెనక మనుషులు ఆగి ఉన్నా అంతే. చౌరస్తాలో ఒక కొట్టాయన చేతులు జోడించి, "సారూ, పప్పు ఊరికే తీస్కపోండ్రి, తూకం మాత్రం అడగకుండ్రి," అన్నాడు. సారు ఊరికే తీసుకోలేదు. ముల్లు చూసే తీసుకున్నారు.

ఆ మనిషే ఒక తప్పుడు అంకె మీద సంతకం పెట్టారు. అది ఎలా జరిగిందో నాకు తెలిసినంత వరకు రాస్తాను.

రాయినూనె అనేది ఊరివాళ్లు పెట్టిన పేరు. బొగ్గు గనుల్లో బొగ్గుతో పాటు ఒక నల్లటి పలకరాయి బయటికి వస్తుంది. పొయ్యిలో పెడితే సరిగా మండదు కాబట్టి గనులవాళ్లు దాన్ని పక్కన పోసేస్తారు. ఆ రాయిని గాలి చొరకుండా మూసిన బట్టీలో పెట్టి బయటి నుంచి వేడి చేస్తే లోపల ఉన్న చమురు ఆవిరవుతుంది. ఆవిరిని చల్లారిస్తే తారులాంటి నూనె దిగుతుంది. చల్లారినా నూనెగా మారని వాయువు పొగగొట్టం దారి పడుతుంది. రాయిలో ఉన్న గంధకంలో చాలా భాగం దానితోనే పోతుంది. వరంగల్ బజారులో మిర్చి, పల్లినూనె వ్యాపారం చేసే ఒక సేటు పరకాల రోడ్డు మీది ఒక ఊరి చెరువు అవతల ఇలాంటి బట్టీ ఒకటి పెట్టారు. చుట్టూ మూడు ఊళ్లవాళ్లకు అందులో పని దొరికింది.

గాలి కాలుష్యం మీద చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. పొగగొట్టం నుంచి ఏ వాయువు ఎంత పోతుందో తెలిసినవాళ్లతో అంచనా వేయించి తెమ్మని కాలుష్య నియంత్రణ ఆఫీసు అడిగింది. సేటు మా సారు దగ్గరికి వచ్చారు. సారు ఒక్క షరతు పెట్టారు. ఏ రోజు వస్తానో ముందుగా చెప్పనని. సేటు ఒప్పుకున్నారు.

ఆయన కొలవడానికి పోయిన రోజు వార్త కోసం నేనూ వెళ్లాను. సారు స్కూటరు మీద గాజుబుడ్లు, గొట్టాలు, చేతితో తిప్పే గాలిపంపు. బట్టీ నడిపే మేస్త్రీ ఎదురొచ్చాడు. వాళ్లమ్మాయికి అంతకు ముందు ఏడాదే సారు ఇంటర్ పాఠాలు చెప్పారు. ఆ ఇంట్లో ఇంటర్ పాసైన మొదటి మనిషి ఆ అమ్మాయి. మేస్త్రీ గాలికి ఎదురు దిక్కున స్టూలు వేశాడు. మజ్జిగ తెప్పించాడు. సారు స్టూలు మీద కూర్చోలేదు. పొద్దుగూకేదాకా పొగగొట్టం పక్కన నిచ్చెన మీద నిలబడి పొగను బుడ్లలోకి లాగారు. బట్టీలోకి పోతున్న రాయిని కూడా గంటగంటకూ తీసి సంచిలో వేసుకున్నారు.

ఆయన లెక్క రెండు దారుల్లో చేశారు. పొగలో ఎంత గంధకం ఉందో నేరుగా కొలవడం ఒక దారి. రాయిలో ఎంత ఉంది, నూనెలో ఎంత మిగిలింది, బూడిదలో ఎంత మిగిలింది చూసి, లెక్కకు రానిదంతా పొగగొట్టంలోంచి పోయిందని తేల్చడం రెండో దారి. "లోపలికి పోయింది బయటికి రావాలె. ఎటు దిక్కు నుంచి వచ్చిందో చెప్పలేకపోతే నీకు లెక్క రానట్టే," అని క్లాసులో అనేవారు. రెండు దారుల్లోనూ దాదాపు ఒకే అంకె వచ్చింది. చిన్న అంకె. ఆయన సంతకం పెట్టారు. ఫ్యాక్టరీకి అనుమతి వచ్చింది.

మరుసటేడు ఆ ఊళ్లో ఆడవాళ్ల కాళ్ల పట్టీలు నల్లబడ్డాయి. చింతపండుతో తోమితే తెల్లబడేవి, పది రోజులకు మళ్లీ నల్లబడేవి. మెట్టెలూ అంతే. వరంగల్‌లో వెండికొట్టు మీదికి పోయి లొల్లి పెట్టుకున్నారు. కొట్టాయన పరేషానై ఒక ముసలామె పట్టీని ఆకురాయితో కోసి చూపించాడు. లోపల తెల్లగానే ఉంది. అప్పుడు వాళ్లు సారు ఇంటికి వచ్చారు.

"పొగతోని నల్లగైతానయ్ సారూ," అన్నారు.

"నా అంకె ప్రకారం నల్లబడొద్దు," అన్నారు సారు. "మీ వెండిలనే కల్తీ ఉన్నది."

"కోసి చూపెట్టిండు గద సారూ, లోపల తెల్లగున్నది."

"వెండి తప్పు చెప్తాందా, నేను చెప్తాన్ననా?"

ముసలామె కొంగు ముడి విప్పి కోసిన పట్టీ ముక్క తీసి గడప మీద పెట్టింది. "వెండిని కోసి చూసిండ్రు. మా లోపల ఎట్లున్నదో ఎవలు కోసి చూస్తరు?" అని వెళ్లిపోయింది. సారు ఆ ముక్కను కాగితంలో చుట్టి పనిమనిషితో తిరిగి పంపించారు. ఆయన కఠినత్వానికి క్లాసులో మేం నవ్వేవాళ్లం. ఆ రోజు గల్లీలో ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత వచ్చిన మేడారం జాతరలో అసలు సంగతి బయటపడింది. సారుకు మొక్కులేం లేవు. అమ్మ, అంటే సారు భార్య, బంగారం మొక్కుకుంటే సంచులు మోయడానికి వచ్చారు. మేడారంలో బంగారం అంటే బెల్లమే. ఆ బెల్లం కొట్టు దగ్గర కూడా ఉత్త తక్కెడ చూపించమన్నారు. "దేవుని బంగారం తూకంల గూడనా?" అని అమ్మ తల కొట్టుకున్నది. నేను జాతర వార్తలు రాయడానికి వచ్చి వాళ్లతోనే తిరుగుతున్నాను. జంపన్న వాగు ఒడ్డున మేస్త్రీ కుటుంబం ఎదురుపడింది. కూతురికి నర్సింగ్ సీటు వచ్చిందని నిలువెత్తు బంగారం ఇచ్చారు.

"సారూ దండాలు! అమ్మా దండాలు! గీడ కూసోండ్రి, గీడ జర నీడున్నది."

అప్పుడే వంట దించారు. మేస్త్రీ భార్య ఆకులు వేసింది.

"సారుకు ముక్కలెయ్యి, బొక్కలెయ్యకు," అన్నాడు మేస్త్రీ.

"నాకెర్కలేదా? నీకే బొక్కలు," అన్నది ఆమె.

అందరం తింటున్నాం. మేస్త్రీ సంతోషంగా ఉన్నాడు.

"ఆ దినం యాదికున్నదా సారూ? మీరు బుడ్లు వట్టుకొని నిచ్చెన మీద నిలవడ్డది?"

"ఉన్నది."

"ఒక్కపారి గూడ దగ్గొచ్చిందా?"

"రాలె."

"ఎట్లొస్తది!" మేస్త్రీ తొడ చరిచాడు. "కట్ట మీద మీ స్కూటరు కనవడంగనే మంట సగం దించిన. మెరుపురాయి ఒక్క పెళ్ల గూడ బట్టీల వడనియ్యలె. పసుపుపచ్చగ ఇత్తడి రజను లెక్క మెరుస్తది గద, గది కాలితే కండ్లు మండుతయ్. పొద్దుందాక ఏరి ఏరి ఏసిన. చేతుల తోలు లేసిపోయింది."

"ఇంటికొచ్చి ఎంత ముర్సిపోయిండో సారూ," అన్నది భార్య. "సారు ఒక్కపారి గూడ దగ్గలేదే అని వాడకట్టంత చెప్పుకున్నడు."

సారు చేయి ఆకులోనే ఆగింది.

"సేటు చెప్పిండా నీకు?"

"సేటెందుకు చెప్తడు? ఆయనకు ఎర్కనే లేదు. నూనె తక్కువ దిగిందని తెల్లారి నన్నే తిట్టిండు. ఇంటికి సుట్టమొస్తే పొయ్యిల తడికట్టె గుంజి అవతల పడేస్తం. మీరొస్తే పొగవెడ్తనా సారూ? తినుండ్రి, చల్లారుతాంది."

సారు లేచి వాగులో చేయి కడుక్కున్నారు. ఒంట్లో బాగా లేదా అని అమ్మ అడిగితే, "లెక్క రెండు దార్ల చేసిన. రెండు దార్లు ఒక్క మర్యాద కాడికే పోయినయ్," అన్నారు. మేస్త్రీకి అర్థం కాలేదు. ఆ మెరుపు పెళ్లల్లోనే గంధకం ఎక్కువ. అవి బట్టీలోకి పోలేదు కాబట్టి పొగలోకీ రాలేదు, సారు సంచిలోకీ రాలేదు. సేటు మోసం చేస్తాడేమో అని ముందే జాగ్రత్త పడ్డ మనిషికి, మేస్త్రీ ప్రేమ మీద అనుమానం రాలేదు.

జాతర నుంచి తిరిగొచ్చిన మర్నాడే ఫ్యాక్టరీకి వెళ్లారు. నేను వెంట ఉన్నాను. ఆఫీసు గదిలో లక్ష్మీదేవి పటం పక్కన సారు అంచనా కాగితాన్ని అద్దం కట్టించి పెట్టారు. దానికి కుంకుమ బొట్టు కూడా ఉంది.

"అది తప్పు. దించు," అన్నారు సారు.

"ఎంత మాట సారూ!" సేటు లేచి నిలబడ్డారు. "మీ చేతిరాత అది. మీరు తప్పు చేస్తరని నేను ఒప్పుకోను. ఎవడన్న అంటే వాని నోరు పగులగొడ్త."

"నేనే అంటాన్న."

"మీరు పెద్దోళ్లు, మీ గురించి మీరు ఏమన్నా అనుకోవచ్చు. నేననొద్దు గద సారూ. ఇంకో చాయ్ చెప్పనా?"

"మల్ల ఒకసారి కొలవనియ్యి. మామూలు మంట మీద, మామూలు రాయి మీద."

"మీ లెక్క మీద మల్ల లెక్కనా? మీకది అవమానం. నేను చెయ్యనియ్య."

స్కూటరు దాకా వచ్చి సాగనంపారు. సేటు ఆ రోజే కాదు, ఈ నాలుగేళ్లలో ఎప్పుడూ సారు మీద గొంతు పెంచలేదు. గేటు కాపలావాడికి మాత్రం ఆ సాయంత్రమే చెప్పారు, సారును ఇక లోపలికి రానివ్వద్దని.

సారు ఆఫీసుకు అర్జీ పెట్టారు. సొంత అంచనాను వెనక్కి తీసుకునే మనిషిని వాళ్లు అంతవరకు చూడలేదు. తప్పు ఎలా జరిగిందో కారణం రాయమన్నారు. సారు రాసింది ఇది: బట్టీ నడిపినవారు నా మీద గౌరవంతో ఆ రోజు మంట తగ్గించారు, రాయి ఏరి వేశారు. పేరు రాయలేదు. పేరు రాయలేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదనుకున్నారు. పగలు ఆ బట్టీ నడిపే మేస్త్రీ ఒక్కడే. అర్జీ నకలు ఫ్యాక్టరీకి చేరిన రోజే సేటు అతణ్ని పని మానిపించారు.

రెండో రోజు పొద్దున మేస్త్రీ భార్య మా గల్లీలోకి వచ్చింది. గేటు బయటే నిలబడింది.

"సారూ! బయటికి రా! నీ ముక్కుకు పొగ తలగొద్దని వాని చేతుల తోలు వోయింది. గా చేతులే నరికిచ్చినవ్. నువ్వు సదువు చెప్పెటోనివా, సంపెటోనివా?"

సారు బయటికి వచ్చి నిలబడ్డారు. "నువ్వన్నది నిజమే," అన్నారు.

"నిజమైతే నోట్లేసుకుంటనా? పిల్ల నర్సింగు సదువుతాంది. నీ నిజం పెట్టి సదివిస్తవా?"

ఆమె పోయేదాకా ఆయన లోపలికి రాలేదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లం కిటికీల దగ్గర ఉన్నాం. ఒక్కరమూ కల్పించుకోలేదు.

మేస్త్రీ ఆ తర్వాత ధాన్యం మిల్లులో హమాలీగా చేరాడు. హసన్‌పర్తి దారిలో సారు ఎదురైతే సైకిలు దిగేవాడు. నమస్తే పెట్టేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. సారు దాటిపోయాక మళ్లీ ఎక్కేవాడు. కొన్నాళ్లకు సారు ఆ దారి మానేశారు. తిట్టినవాళ్ల దారి ఆయన ఎప్పుడూ మానలేదు.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు ఆయన్ను శత్రువుగా చూశారు. బట్టీ మూయిస్తాడని వాళ్ల భయం. పొగకు మిర్చి ఆకు మాడిపోయిన రైతులు మరో రకంగా చూశారు. "మొదలే సరిగ్గ చూస్తే ఏమాయె," అనేవారు. పట్టీ ముక్క గడప మీద పెట్టిన ముసలామెను వెతుక్కుంటూ ఒకసారి వాళ్లింటికి వెళ్లారు, ఆమె అన్నది నిజమని చెప్పడానికి. ఆమె చనిపోయి అప్పటికి నెల. ఎందుకు చనిపోయిందో ఎవరూ పరీక్ష చేయలేదు. "గిప్పుడొస్తానవా సారూ?" అన్నది కోడలు. మంచినీళ్లు మాత్రం ఇచ్చింది.

లోపలికి రానివ్వరు కాబట్టి ఆయన బయటి నుంచే రెండో లెక్క మొదలుపెట్టారు. గనుల నుంచి రాయి తెచ్చే లారీలు చెరువు కట్ట మలుపులో కుదుపుకు కొన్ని పెళ్లలు రాలుస్తాయి. వాటిని ఏరేవారు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం. నేను సెలవు దొరికినప్పుడు వెళ్లి సంచి పట్టుకునేవాణ్ని.

గొర్రెలు కాసేవాడు ఒకడు రోజూ నవ్వేవాడు. "ఏం సారూ, ఇల్లు గడ్తానవా?"

"కూలగొడ్తాన్న," అన్నారు సారు ఒకరోజు, నడుం పట్టుకుని లేస్తూ. కూలగొడుతున్నది తన మొదటి లెక్కనే.

మెరుపు పెళ్లను పక్కన పడేయలేదు, కావాలని ఎంచుకోలేదు. దారిలో ఏది ముందు కనపడితే దాన్ని తీసుకున్నారు. ఇంట్లో రోట్లో వేసి దంచారు. అమ్మ ఆ రోటిని మళ్లీ పచ్చడికి వాడలేదు. కాలేజీ లాబ్‌లో సెలవు రోజుల్లో పరీక్షలు చేశారు. ఎన్ని లారీలు వస్తున్నాయో డ్రైవర్లను, చాయ్ హోటల్ వాళ్లను విడివిడిగా అడిగారు. ఇద్దరు చెప్పింది కలిస్తేనే రాసుకున్నారు. వచ్చిన అంకె మొదటిదానికి మూడింతల పైన ఉంది. ఈసారి ఆయన దాని కింద తన సంతకంతో పాటు ఒక వాక్యం రాశారు: ఇది దూరం నుంచి వేసిన లెక్క, కొంత అటూ ఇటూ ఉండవచ్చు, దగ్గర నుంచి వేసింది మాత్రం కచ్చితంగా తప్పు.

ఆఫీసు దాన్ని తీసుకుంది. రోడ్డు మీద ఏరిన రాయి ఫ్యాక్టరీ బట్టీలో కాలిన రాయేనని రుజువు ఏదని సేటు తరఫు వకీలు అడిగాడు. అడగవలసిన ప్రశ్నేనని సారు కూడా అన్నారు. ఈలోగా సేటు రెండో బట్టీకి దరఖాస్తు పెట్టారు. రెండూ కలిపి ఊళ్లోనే విచారణ చేస్తామని, లెక్క వేసిన మనిషి స్వయంగా వచ్చి తప్పని చెప్పాలని, లేదా ఆ రోజు బట్టీ దగ్గర ఏం జరిగిందో చేసినవాళ్లే చెప్పాలని, విన్నవాళ్ల మాట చెల్లదని ఆఫీసు రాసింది.

సారుకు అప్పటికే ఆయాసం. బీడీ, సిగరెట్ ఎన్నడూ తాగలేదు. మూడేళ్లు ఆ కట్ట మీద పొగ వాలే దిక్కున తిరిగారు. ఆయాసానికీ ఆ పొగకూ సంబంధం ఉందా అని డాక్టరును అడిగాను. చెప్పలేనన్నారు. కాబట్టి నేనూ చెప్పను.

దవాఖానలో సెలైన్ చుక్కలు చూసి, "గిది జోరుగ పోతాంది, చూడు," అని నర్సుతో వాదించారు. ఆమె చూసి సరిచేసింది. "మాకు సారు ఒక్కరు చాలు, డాక్టర్లు ఎందుకు," అన్నది. ఆయన నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. తగ్గాక, విచారణ గురువారమేనా అని నన్ను అడిగారు. అవునన్నాను. జీపు మాట్లాడమన్నారు, స్కూటరు మీద కూర్చోలేనని.

"మీకు ఒకవేళ కుదరకపోతే మేస్త్రీని అడుగుదామా సారూ?" అన్నాను.

"వద్దు. ఒకసారి నాకు మర్యాద చేసి పని పోగొట్టుకున్నడు. ఇంకోసారి చెయ్యమంటే వాడు చేస్తడు. గందుకే అడగొద్దు."

విచారణకు ఇంకా తొమ్మిది రోజులుండగా, మంగళవారం పోయారు.

శవం ఇంటికి వచ్చేసరికి మేస్త్రీ, అతని భార్య గేటు లోపల ఉన్నారు. ఆమె గేటు దాటి రావడం అదే మొదటిసారి. మేస్త్రీ పాడె మోశాడు. సేటు కూడా పెద్ద దండతో వచ్చారు. అమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"సారు పేరు చెడనియ్యం అమ్మా. రెండో బట్టీకి సారు పేరే పెడ్తం."

అమ్మ తల ఎత్తింది. "మొదటిది ఆయన పేరు మీదనే గద నడుస్తాంది," అన్నది.

సేటు దండ వేసి బయటికి వచ్చారు. గేటు దగ్గర మేస్త్రీ భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకుపోయారు. ఏం మాట్లాడారో మేస్త్రీయే నాకు చెప్పాడు. రెండో బట్టీకి పెద్దమేస్త్రీగా పెట్టుకుంటానన్నారట. గురువారం విచారణకు వచ్చి, ఆ రోజు మంట దించలేదని, రాయి ఏరలేదని ఒక్క మాట చెబితే చాలట. సారు లేరు కాబట్టి, చెప్పగలిగిన మనిషి ఇక మేస్త్రీ ఒక్కడే.

మూడో రోజు అమ్మ అతణ్ని పిలిపించింది. విచారణ సంగతి ఆమె ఎత్తలేదు. "పదోరోజుకు నువ్వు, నీ భార్య రావాలె. మా ఆయన ఉంటే గూడ మిమ్ములనే పిలుస్తుండె," అన్నది. వస్తామని మేస్త్రీ మాట ఇచ్చాడు. పదోరోజు కూడా గురువారమే.

నిన్న సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. మేస్త్రీ మిల్లు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. సారు నన్ను అడగవద్దన్నారు కాబట్టి నేను అడగలేదు. అతనే అన్నాడు.

"పిల్ల సదువు ఇంకో ఏడాదున్నది పేపరు సారూ. నా నడుము మిల్లుల ఇంకో ఏడాది ఆగదు. సారు బతికున్నప్పుడు నిజం చెప్పి నా పని తీసిండు. ఇప్పుడు నేను అబద్ధం చెప్తే, పాపం నాదా, సారుదా?"

అతని భార్య ఇంటి లోపల, దూలానికి కట్టిన తాడు మీద తడి అంగి ఆరేస్తున్నది. బయట ఆరేస్తే పొద్దున్నకు మసి పడుతుందట. తెల్ల అంగి. అది గురువారం ఎక్కడికని నేను అడగకముందే చెప్పింది.

"ఉన్నది గిదొక్కటే తెల్లంగి. దినానికి వోయినా గిదే, సాక్ష్యానికి వోయినా గిదే."

పదోరోజు కర్మ రేపు పొద్దున పదకొండు గంటలకు హనుమకొండలో చెరువు దగ్గర. విచారణ అదే పదకొండు గంటలకు ఫ్యాక్టరీ ఉన్న ఊరి హైస్కూలు వరండాలో. మేస్త్రీ ఇంటి ముందుకు సేటు జీపు పది గంటలకు వస్తుంది.